బిడ్డకు ఏది ఇల్లు?

తల్లిదండ్రులు విడిపోయినప్పుడుగాని, బిడ్డ ఒకరి పోషణనుండి మరియొకరి పోషణలోనికి పోయినప్పుడుగాని, న్యాయస్థానంలో తరచు వినవచ్చే మాట ఇల్లు. "మా ఇంట బిడ్డకు వేరే గది ఉన్నది" అని ఒకరు, "వారి ఇంట నీళ్ళకు సైతం కరువే" అని వేరొకరు వాదిస్తారు. బిడ్డను మరియొక ఊరికో, సముద్రాలకు ఆవలనున్న దేశానికో తీసుకొనిపోవలెనన్న తగవు అయినప్పుడు ఈ వాదం మరింత పదునెక్కుతుంది. మంచి ఇల్లు గలవారికే బిడ్డ దక్కవలెనా? ఇల్లు సరిగా లేనివాడు కన్నబిడ్డను వదులుకోవలసినదేనా? ఈ ప్రశ్న నూరేండ్లకు పూర్వమే ఒక తెలుగు కుటుంబంలో పుట్టి, చెంగల్పట్టు జిల్లా న్యాయస్థానంలో మొదలై, మద్రాసు హైకోర్టు మీదుగా లండనులోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయినది. ఆ కుటుంబం మదనపల్లెకు చెందిన జిడ్డువారిది. ఆ బిడ్డలలో పెద్దవాడు తరువాత లోకప్రసిద్ధుడైన కృష్ణమూర్తి.

కృష్ణమూర్తి 1895 మే నెలలో జన్మించినాడు. తండ్రి నారాయణయ్యగారు పట్టభద్రులు, రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఉద్యోగం ఎక్కడికి పొమ్మంటే సంసారం అక్కడికి కదలవలసినదే. మలేరియాకు పేరుపడిన కడపకు బదిలీ అయినప్పుడు, రెండేండ్ల పసివాడైన కృష్ణమూర్తి ఆ జ్వరంతో చావు తప్పి బయటపడినాడు. ఇల్లు ఏ ఊళ్ళో ఉన్నదన్న సంగతి బిడ్డ ప్రాణంతోనే ముడిపడి ఉంటుందనడానికి ఇదొక నిదర్శనం. 1905లో తల్లి సంజీవమ్మగారు మరణించినారు. మరి రెండేండ్లకు తండ్రి ఉద్యోగ విరమణ చేసి, సగం జీతం పింఛనుతో, తల్లిలేని పిల్లలతో మిగిలినారు.

నారాయణయ్యగారు దివ్యజ్ఞాన సమాజంలో చాలాకాలంగా సభ్యులు. అడయారులోని సమాజ కేంద్రంలో ఏదైనా పని ఇప్పించి, ఉండడానికి చోటు ఇమ్మని అధ్యక్షురాలైన శ్రీమతి అనిబిసెంటును కోరినారు. దగ్గరలో పాఠశాల లేదని, పిల్లలవలన అక్కడి ప్రశాంతతకు భంగం కలుగుతుందని ఆమె మొదట అంగీకరించలేదు. పట్టు విడువక కోరగా చివరకు సమ్మతించినారు. 1909 జనవరిలో ఆయన నలుగురు కుమారులను వెంటబెట్టుకొని అడయారు చేరినారు. ఆవరణలోపల వసతి లేకపోవుటచే, వెలుపలనున్న ఒక శిథిలమైన చిన్న ఇల్లు వారికి దొరికినది. ఇంట మరుగుదొడ్డి వసతి లేదు. పిల్లలు చిక్కి శల్యమై ఉన్నారు. మూడు మైళ్ళు నడిచి మైలాపూరు బడికి పోయి, మరల మూడు మైళ్ళు నడిచి రావలెను.

ఆ బడిలో జరిగినది ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనింపదగినది. పరధ్యానంగా కూర్చొని పాఠం అప్పగించలేని కృష్ణమూర్తిని మందబుద్ధి అని తలచి, దాదాపు ప్రతిదినం బెత్తంతో కొట్టినారు. తల్లిలేని ఆ కుర్రవాడు ఎట్టి ఇంటినుండి ఎంత దూరం నడిచి వచ్చినాడో, రాత్రి ఏమి తిని పడుకొన్నాడో తరగతిలో ఎవరికీ పట్టలేదు. ఇంటి దుస్థితి బడిలో బుద్ధిమాంద్యంగా కనబడడం అప్పటితో ఆగిపోయిన సంగతి కాదు.

ఆ సంవత్సరమే సమాజ ప్రముఖుడైన లెడ్‌బీటరు కృష్ణమూర్తిని సముద్రతీరాన చూచి, ఈ బాలుడు జగద్గురువు కాగలడని ప్రకటించినాడు. అంతటితో కృష్ణమూర్తి, తమ్ముడు నిత్యానందం బడి మానినారు. ఆవరణలోనే చదువు, మంచి ఆహారం, శుభ్రమైన దుస్తులు, ఈత, టెన్నిసు, ఇంగ్లీషు పాఠాలు ఏర్పడినవి. పిల్లల ఒంటికి నునుపు వచ్చినది. ఇదంతా మేలే గదా అని మనకు తోచవచ్చును. తండ్రికి కూడ మొదట అట్లే తోచి ఉండవలెను. 1910 మార్చిలో ఇద్దరు పిల్లల సంరక్షణను బిసెంటుకు అప్పగిస్తూ ఆయన లేఖపై సంతకం చేసినారు. 1911లో ఆమె వారిని ఇంగ్లండుకు తీసుకొనిపోయి తిరిగి తీసుకొనివచ్చినారు. 1912లో మరల తీసుకొనిపోయి, చదువు నిమిత్తం అక్కడనే ఉంచినారు.

ఈలోగా తండ్రి మనస్సు మారినది. లెడ్‌బీటరు నడవడిని గూర్చి పూర్వమే అపవాదులు ఉండుటచే, ఆయన సాంగత్యంనుండి పిల్లలను తప్పించవలెనని తండ్రి పట్టుపట్టినారు. మాట చెల్లలేదు. 1912 అక్టోబరులో దావా వేసినారు. దావా హైకోర్టుకు బదిలీ అయినది. తండ్రి పక్షాన సి.పి. రామస్వామి అయ్యరు వాదించినారు. బిసెంటు తన వాదం తానే వినిపించినారు. ఇక్కడ ఒక విధివిలాసం ఉన్నది. 1878లో ఇంగ్లండులో ఒక న్యాయమూర్తి ఆమె నాస్తికతను, ఆమె ప్రచురించిన పుస్తకాన్ని కారణంగా చూపి, ఎనిమిదేండ్లయినా నిండని ఆమె కూతురును భర్తకు ఇప్పించినాడు. బిడ్డను పోగొట్టుకొనడమంటే ఏమిటో ఎరిగిన ఆ తల్లియే ఈనాడు ఒక తండ్రి ఎదుట ప్రతివాదిగా నిలిచినది.

1913 ఏప్రిల్‌లో న్యాయమూర్తి బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగించవలెనని తీర్పు చెప్పినాడు. అక్టోబరులో ప్రధాన న్యాయమూర్తి సర్ ఆర్నాల్డ్ వైట్, న్యాయమూర్తి ఓల్డ్‌ఫీల్డ్ దానిని ఖాయపరచినారు. ఒక ప్రక్క పింఛనుతో కాలం గడిపే తండ్రి. మరియొక ప్రక్క అడయారు భవనాలు, ఇంగ్లండులో సంపన్నుల ఆతిథ్యం. అయినను పేదరికం తండ్రికి బిడ్డలను దూరం చేయదగిన కారణం కాలేదు. ఈ అంశం మరువరానిది.

కాని 1914 మే నెలలో ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పులను కొట్టివేసినది. లార్డ్ పార్కర్ వెలువరించిన ఆ తీర్పు మూడు మెట్లుగా నడిచినది. తండ్రి తన సంరక్షణాధికారాన్ని మరియొకరికి ఇచ్చినను తిరిగి తీసుకొనవచ్చునన్నది మొదటి మెట్టు. ఇంతవరకు గెలుపు తండ్రిదే. అయితే, ఆ ఏర్పాటువలన పిల్లలకు కొత్త అనుబంధాలు, కొత్త ఆశలు ఏర్పడి, వాటిని భంగపరచడం వారికే కీడని తోచినచో న్యాయస్థానం అడ్డుపడవచ్చునన్నది రెండవ మెట్టు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం మైనరు సాధారణంగా ఎక్కడ నివసిస్తాడో అక్కడి న్యాయస్థానానికే విచారించే అధికారం ఉన్నది. చదువు కొరకు ఇంగ్లండులో ఉన్న ఈ పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో నివసిస్తున్నారనడానికి వీలులేదు. పైగా ఆ పిల్లల తరఫున మాట్లాడినవారు లేరు, వారి ఇష్టమేమిటో అడిగినవారు లేరు. కనుక దావాయే చెల్లదని తేలినది.

దీని భావమేమి? పేదవాని ఇల్లు చిన్నదని ఆయన ఓడిపోలేదు. పిల్లల నివాసం ఆయన చేయి దాటి సముద్రం ఆవలికి పోవుటచే ఓడిపోయినాడు. చట్టంలో ఇంటికి రెండు ముఖాలు ఉన్నవి. ఒకటి, బిడ్డ మేలుకు సంబంధించిన ఇల్లు, అనగా గాలి, వెలుతురు, నీరు, ఆరోగ్యం. రెండవది, ఏ న్యాయస్థానం వినవలెనో నిర్ణయించే ఇల్లు. బిడ్డను ముందుగా కదిలించినవాడు ఈ రెండవ ఇంటిని తన వైపు త్రిప్పుకొంటాడు. కాలం గడచినకొలది అనుబంధాలు పెరిగి, మొదటి ఇల్లు కూడ ఆయన పక్షమే అవుతుంది. అందుచేతనే, న్యాయస్థానం నియమించిన సంరక్షకుడు అనుమతి లేనిదే బిడ్డను దాని అధికార పరిధి దాటించరాదని అదే చట్టంలోని 26వ సెక్షను శాసిస్తున్నది.

మరి ఆ పిల్లలకు ఇంగ్లండులో దొరికినదేమి? మంచి ఇండ్లే దొరికినవి. కాని లండను, ఆష్‌డౌన్ అడవి ప్రాంతం, ఫ్రాన్సులో నార్మండీ తీరం, వైట్ ద్వీపం, బ్యూడ్ అనే సముద్రతీర గ్రామం, ఇట్లు ఒకచోటినుండి మరియొకచోటికి తిరుగుతూనే ఉన్నారు. గోడలు దృఢమైనవే. నిలకడ మాత్రం లేదు. వారు స్వదేశంలో మరల అడుగుపెట్టడానికి 1921 దాకా పట్టినది. నారాయణయ్యగారు 1924లో మరణించినారు. ఆ మరుసటి సంవత్సరం నిత్యానందం క్షయవ్యాధితో అమెరికాలోని ఓహాయిలో కన్నుమూసినాడు. కృష్ణమూర్తి 1929లో, తన పేరిట నెలకొన్న సంఘాన్ని తానే రద్దుచేసి, జగద్గురు పీఠాన్ని త్రోసిపుచ్చినాడు. తాను పుట్టిన మదనపల్లెకు సమీపంలోనే రిషివ్యాలీ పాఠశాల వెలయడానికి ఆయనే కారకుడు. బెత్తం దెబ్బలు తిన్న బాలుడు జీవితాంతం భయంలేని చదువును గూర్చి మాట్లాడినాడంటే ఆశ్చర్యమేమున్నది?

నేటి న్యాయం ఎక్కడ నిలిచినదో కూడ చూడవలెను. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం పదమూడవ సెక్షనులో బిడ్డ మేలే సర్వప్రధానమని నిర్దేశించినది. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కారు, ఆటబొమ్మలు కారు అని సుప్రీంకోర్టు 1973లో స్పష్టపరచినది. 2008లో ఒక తగవు ఆ న్యాయస్థానానికి వచ్చినది. తండ్రి అలహాబాదులో, తల్లి పానిపట్టులో ఉన్నారు. ఒకరి ఆర్థిక స్థితి మెరుగైనదన్నది ఒక అంశమే గాని, అదొక్కటే నిర్ణయానికి ఆధారం కాదని చెప్పి, బిడ్డతో స్వయంగా మాట్లాడి, పెరిగిన ఊరినుండి, చదివే బడినుండి వానిని కదిలించుట మంచిది కాదని న్యాయమూర్తులు తేల్చినారు. 1914లో పిల్లలను అడిగినవారు లేరన్న లోటు ఇక్కడ తీరినది.

అయితే ఇంటి స్థితి పట్టించుకొనరానిదని దీని అర్థం కాదు. తాగునీరు, మరుగుదొడ్డి, దీపం, పుస్తకం పెట్టుకొనే చోటు, బడికి దూరం, సాయంకాలం ఇంటికి వచ్చిన బిడ్డకు ఎదురయ్యే మనిషి, ఇవన్నీ విచారింపవలసినవే. కాని ఇంటి లోటు రెండు విధాలు. తీర్చదగిన లోటు ఒకటి, తీర్చరాని లోటు మరియొకటి. అడయారు ఇంటికి మరుగుదొడ్డి కట్టించవచ్చును. పిల్లలకు ఆవరణలోపల రెండు గదులు ఇవ్వవచ్చును. దయతలచిన పెద్దలు తండ్రితో సహా ఆ కుటుంబాన్నే మంచి ఇంటిలోనికి చేర్చినచో, సముద్రాలు దాటవలసిన పని ఉండేదా? బిడ్డను ఇంటినుండి తీసివేయుటకంటె ముందు, ఇంటి లోటును తీసివేయుటకు యత్నించినామా అని అడుగుట న్యాయం. పేదరికం తండ్రి చేసిన నేరం కాదు. దానికి శిక్షగా బిడ్డను తీసుకొనుట ధర్మం కాదు.

ఇందులో ఉపాధ్యాయులకు ఒక పాత్ర ఉన్నది. తల్లిదండ్రుల తగవులో ఇల్లు రెండుగా చీలినప్పుడు, బిడ్డకు మారకుండా మిగిలే చోటు తరచు బడి ఒక్కటే. అదే బల్ల, అదే స్నేహితులు, అదే గంట మ్రోత. హఠాత్తుగా పాఠం తప్పుతున్న బాలుని చూచినప్పుడు బెత్తం తీయకముందు, "నీవు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నావు నాయనా?" అని ఒక్క మాట అడుగుట మేలు. విద్యార్థులు సైతం, ఊరు మారి కొత్తగా వచ్చిన తోటివానిని బల్లపై జరిగి కూర్చుండనిచ్చుట నేర్వవలెను. బిడ్డకు ఇల్లు ఏదన్న ప్రశ్నకు తీర్పు చెప్పవలసినది న్యాయమూర్తి. కాని ఆ తీర్పు వచ్చేదాకా బిడ్డ తలదాచుకొనేది మన తరగతి గదిలోనే.