మద్యం సేవించి వాహనం నడిపి శిక్ష పొందిన వారికి ప్రవర్తనా చికిత్స: చట్టం, ఆచరణ

మద్యం సేవించి వాహనం నడిపిన నేరంపై ఒకసారి శిక్ష పొందిన వ్యక్తి అదే నేరంతో తిరిగి న్యాయస్థానం మెట్లెక్కడం పోలీసు, రవాణా, న్యాయ శాఖల సిబ్బందికి కొత్త విషయం కాదు. జరిమానా చెల్లించినా, కొందరు జైలుకు సైతం వెళ్లి వచ్చినా అలవాటు మారని సందర్భాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇటువంటి వారికి శిక్షతో పాటు ప్రవర్తనా చికిత్స ఏ మేరకు ఉపకరిస్తుంది, అమలులో ఉన్న చట్టాలలో అందుకు ఎంత వీలున్నది అనే అంశాలను అధికారులు, పాత్రికేయుల అవగాహన నిమిత్తం ఇక్కడ వివరించడమైనది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉన్నట్లు తేలితే అది నేరం. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ మేరకు మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రెండవసారి పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.15,000 జరిమానా, లేదా రెండూ విధించే వీలున్నది. అంతకు ముందు జరిమానా పరిమితి మొదటిసారి రూ.2,000, రెండవసారి రూ.3,000 మాత్రమే. పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనపరచుకొని, అనర్హత నిమిత్తం లైసెన్సింగ్ అధికారికి పంపే అధికారం 206వ సెక్షన్‌లో ఉన్నది.

అదే సవరణ ద్వారా 19వ సెక్షన్‌లో మరొక నిబంధన చేరింది. అనర్హత గడువు ముగిసిన తరువాత లైసెన్సు తిరిగి పొందాలంటే డ్రైవర్లకు ఉద్దేశించిన పునశ్చరణ శిక్షణను పూర్తి చేయవలసి ఉంటుంది. ఇది మంచి ఏర్పాటే. అయితే ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. మద్యం సేవించి పట్టుబడిన వ్యక్తి సాధారణంగా స్టీరింగ్ పట్టడం రాక పట్టుబడలేదు. పదిహేనేళ్లుగా లారీ నడుపుతున్న డ్రైవరుకు గేర్ల గురించి, రోడ్డు గుర్తుల గురించి మళ్లీ చెప్పడం వలన అతని సాయంకాలపు అలవాటు మారదు. అతనికి అవసరమైనది నడిపే నేర్పు కాదు, తాగే సమయాన్ని, నడిపే సమయాన్ని వేరు చేసుకొనే నేర్పు. ప్రవర్తనా చికిత్స లక్ష్యం సరిగ్గా అదే.

ఈ చికిత్సలో ఉపదేశానికి చోటు తక్కువ. చికిత్సకుడు ముందుగా ఆ వ్యక్తి చేతనే పట్టుబడిన రోజు వివరాలు చెప్పిస్తారు. ఎవరితో కలిసి తాగాడు, బండి ఎక్కడ నిలిపాడు, ఎన్నో పెగ్గు తరువాత ఇంటికి బయలుదేరాలని అనుకొన్నాడు, ఆ క్షణంలో తనకు తాను ఏమని నచ్చజెప్పుకొన్నాడు అనే ప్రశ్నలకు జవాబులు రాబడతారు. ‘దగ్గరే కదా, నెమ్మదిగా పోదాం’ అనేది తరచుగా బయటపడే మాట. మద్యం మొట్టమొదట దెబ్బతీసేది విచక్షణనే గనుక, నడపాలా వద్దా అనే నిర్ణయాన్ని రెండవ పెగ్గు తరువాతకు వదిలిపెట్టడమే అసలు పొరపాటని ఆ వ్యక్తి స్వయంగా గ్రహించేలా చేస్తారు. బండిని ఇంటివద్దనే ఉంచి వెళ్లడం, తాళంచెవి తాగని వారి చేతికి ముందే ఇవ్వడం, తిరుగు ప్రయాణానికి ఆటో డబ్బు విడిగా పెట్టుకోవడం, బలవంతపెట్టే మిత్రునికి మర్యాద తప్పకుండా వద్దని చెప్పడం వంటివి పలు దఫాలుగా సాధన చేయిస్తారు.

అపోహల తొలగింపు కూడా ఇందులో భాగమే. లవంగం, వక్కపొడి నమలడం వలన బ్రీత్ అనలైజర్ మోసపోదు. అది కొలిచేది నోటి వాసనను కాదు, రక్తం నుండి ఊపిరితిత్తుల ద్వారా వెలువడే మద్యాన్ని. చన్నీటి స్నానం, కాఫీ కాలేయం పనిని వేగిరపరచవు. రాత్రి ఎక్కువగా తాగిన వారి రక్తంలో మరునాడు ఉదయం డ్యూటీ వేళకు కూడా పరిమితికి మించి మద్యం మిగిలి ఉండవచ్చునన్న సంగతి బస్సు, లారీ డ్రైవర్లకు తప్పక తెలియవలసి ఉన్నది.

పట్టుబడిన వారందరూ ఒకే కోవకు చెందరు. పెళ్లి విందులో తాగి బయలుదేరిన వ్యక్తికి, ప్రతిదినం తాగనిదే చేతుల వణుకు తగ్గని వ్యక్తికి ఒకే తరగతి సరిపోదు. ఈ తేడా తెలుసుకొనేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పత్రం ఉన్నది. మొత్తం 40 మార్కులకు గాను 8 లేదా అంతకు మించితే హానికర అలవాటుగాను, 20 లేదా అంతకు మించితే వ్యసనంగా మారి ఉండవచ్చునని భావించి నిపుణుని వద్దకు పంపవలసినదిగాను పరిగణిస్తారు. శిక్షణ పొందిన సిబ్బంది కొద్ది నిమిషాలలో దీనిని పూర్తి చేయగలరు.

వ్యసనానికి లోనైన వారి విషయంలో జైలు అధికారులు ప్రత్యేక జాగ్రత్త వహించవలసి ఉన్నది. మద్యం అకస్మాత్తుగా ఆగిపోయినప్పుడు వణుకు, మూర్ఛలు రావచ్చు. రెండు, మూడు రోజులకు మతిభ్రమతో కూడిన సన్నిపాత స్థితి ఏర్పడవచ్చు. సకాలంలో వైద్యం అందకపోతే అది ప్రాణాంతకం. కొద్ది రోజుల జైలు శిక్ష సరిగ్గా ఈ ప్రమాదకర వ్యవధిలోనే పడుతుంది కనుక, జైలులో ప్రవేశించిన రోజే వైద్య పరీక్షలో తాగుడు అలవాటును అడిగి నమోదు చేయడం అవసరం.

ఫలితాల విషయంలో అతిశయోక్తి తగదు. అమెరికాలో 1995లో వెలువడిన ఒక సమీక్ష 215 అధ్యయనాలను పరిశీలించి, ఇటువంటి కార్యక్రమాల వలన తిరిగి పట్టుబడటం, మద్యం సంబంధిత ప్రమాదాలు 7 నుండి 9 శాతం మేరకు తగ్గుతున్నట్లు తేల్చింది. అంకె చిన్నదే. కానీ బోధన, చికిత్స, ఆ తరువాత ప్రొబేషన్ వంటి పర్యవేక్షణ మూడూ కలిసినప్పుడు ఫలితం మెరుగ్గా ఉన్నదని కూడా అదే సమీక్ష గుర్తించింది. కావున లైసెన్సు రద్దుకు చికిత్స ప్రత్యామ్నాయం కాదు. రెండూ జోడుగా సాగవలసినవే. జర్మనీలో రక్తంలో మద్యం వేయింటికి 1.6 భాగాలు, అంతకు మించి ఉండి పట్టుబడిన వారు, తమ అలవాటు మారినదని వైద్య, మనస్తత్వ పరీక్షలో నిరూపించుకొన్న తరువాతనే లైసెన్సు తిరిగి పొందగలరు.

మన చట్టాలలో చికిత్సను తప్పనిసరి చేసే నిబంధన 185వ సెక్షన్‌లో లేదు. అయినప్పటికీ న్యాయస్థానాల చేతిలో సాధనం లేకపోలేదు. నేరస్థుల ప్రొబేషన్ చట్టం, 1958లోని 4వ సెక్షన్ క్రింద, తగిన కేసులలో సత్ప్రవర్తన బాండుపై విడుదల చేస్తూ, కనీసం ఏడాది పాటు ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు. మత్తు పానీయాలకు దూరంగా ఉండాలన్న షరతును ఆ సెక్షనే పేర్కొంటున్నది. ఆరు దశాబ్దాలకు పైబడిన ఈ వెసులుబాటు ఈ తరహా కేసులలో మరింత శ్రద్ధగా పరిశీలించదగినది. అయితే నిర్లక్ష్యపు డ్రైవింగు వలన మరణం సంభవించిన కేసులలో ప్రొబేషన్ ఇవ్వరాదని 2000 సంవత్సరంలో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుండి సమాజ సేవను ఒక శిక్షగా చేర్చింది. కూడలిలో ప్లకార్డు పట్టుకొని నిలబడటం శిక్ష కావచ్చును గాని చికిత్స కాదు. ఈ రెండింటినీ వార్తలలో ఒకటిగా చూపరాదు.

హైదరాబాద్‌లో పట్టుబడిన వారిని కుటుంబ సభ్యునితో సహా గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ సంస్థలలో కౌన్సెలింగుకు పిలిచే పద్ధతిని ట్రాఫిక్ పోలీసులు అనుసరిస్తూ వచ్చారు. భార్య లేదా తల్లిదండ్రుల సమక్షం వలన విషయం ఇంటికి చేరుతుంది, అది ఈ పద్ధతిలోని బలం. ఒక పూట తరగతితో అలవాటు మారుతుందని ఆశించలేము గాని, ‘ఆడిట్’ పత్రాన్ని నింపించి, అవసరమైన వారిని ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం వంటి చోట్లకు పంపించేందుకు అంతకంటే అనువైన సమయం మరొకటి దొరకదు.

కౌన్సెలింగుకు హాజరైన వారి ముఖాలు, పేర్లు, చికిత్స వివరాలు ప్రచురించవద్దని పాత్రికేయులకు మనవి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చికిత్స పొందే వారికి గోప్యత హక్కు కల్పిస్తున్నది. పరువు పోతుందన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు. సలహా కోరేవారు, వారి కుటుంబ సభ్యులు టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వ్యసన విముక్తి కోసం జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14446 కూడా అందుబాటులో ఉన్నది.