కాకినాడలో కాపురము

నిరుటి ఆశ్వయుజమాసమున సద్దుల బతుకమ్మను మా బయ్యారము పెద్దచెరువులో సాగనంపి, మరునాడే మేము కాకినాడకు బయలుదేరితిమి. మా చెల్లెలు ఆ పట్టణమున కాపురమునకు వెళ్లి పదునొకండేండ్లయినది. ఆమె భర్త ఓడరేవునకు సంబంధించిన యొక కచేరిలో గుమాస్తా. అంతకు ముందు వర్షకాలమున ఆమె వ్రాసిన యుత్తరమే మా ప్రయాణమునకు కారణము. "అక్కా! ఇల్లు అమ్మివేయుదమని వీరును, ప్రాణముండగా కదలనని అత్తగారును పట్టుపట్టియున్నారు. నడుమ నేను నలిగిపోవుచున్నాను. నీవు వచ్చి నీ కన్నులతో చూచి, ఏది మేలో చెప్పుము" అని యందులో నుండెను. మా వారు బడిపంతులగుటచే దసరా సెలవులలో దక్క మాకు కదలుటకు వీలులేదు. పిల్లలతో మహబూబాబాదులో రాత్రిబండి యెక్కితిమి. మరునాటి యుదయమునకు కాకినాడ చేరితిమి.

పట్టణమును చూడగానే మాకు గలిగినది సంతోషమే. ఇక్కడి పాతవీధులు గీత గీచినట్లు తిన్నగా నున్నవి. ఒక వీధిని మరియొక వీధి నిలువుగా ఖండించుటచే క్రొత్తవారు సైతము దారి తప్పరు. బడులు, కళాశాలలు, పెద్ద యాసుపత్రి, కూరగాయల బజారు, అన్నియు కూతవేటు దూరమున నున్నట్లు తోచును. ఉద్యోగము చాలించినవారు ఇచ్చట స్థిరపడుటకు మక్కువ చూపుటచే దీనికి పింఛనుదారుల స్వర్గమని పేరు వచ్చినది. 2011 జనాభా లెక్కలనాటికి పట్టణమున 3 లక్షల 12 వేలకు పైగా జనులుండిరి. 2016 జనవరిలో కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిన మొదటి 20 స్మార్టు నగరములలో నిదియు నొకటి. 2021 మార్చిలో వెలువడిన సుఖజీవన పట్టికలో, పదిలక్షలకు లోబడిన జనసంఖ్య గల 62 పట్టణములలో సిమ్లా, భువనేశ్వరము, సిల్వాసాల తరువాత నాలుగవ స్థానము దీనికే లభించినది. ఆ లెక్కలో నూటికి 30 పాళ్లు పురజనుల నడిగి తెలిసికొన్న యభిప్రాయమునకు కేటాయింపబడినవి. అడుగవచ్చినవారికి తలుపు తీసి బదులు చెప్పినది ఇంటి యజమానియో, ఇల్లాలో మాకు తెలియదు. గిన్నెలు తోమునది యెవరో వారినే యడిగియున్నచో లెక్క మరియొక విధముగా నుండునేమో యని మా చెల్లెలి యిల్లు చూచిన పిదప మాకు తోచినది.

ఈ పట్టణమును పెంచినది గోదావరియే. ఆ నది తెచ్చిన యిసుక సుమారు రెండువందల యేండ్లుగా సముద్రములో మేటవేసి, సన్నని పొడవైన దిబ్బగా పెరిగినది. దానికి హోపు దీవి యని పేరు. ఆ దిబ్బ కెరటముల నడ్డగించుటచే దాని వెనుకనున్న సముద్రము చెరువువలె నిమ్మళముగా నుండును. ఓడలు నిలుచుటకు చోటు దొరకినది. పూర్వము వాసికెక్కిన కోరంగి రేవు పూడిపోయి, వర్తకమంతయు క్రమక్రమముగా నిచ్చటికి చేరినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియగుట, పిమ్మట అమెరికాలో అంతర్యుద్ధము సాగిన 1860 ప్రాంతపు దినములలో దూదికి గిరాకి పుట్టుట రేవునకు కలిసివచ్చినవి. 1866లో పురపాలక సంఘ మేర్పడినది. 1923లో కాంగ్రెసు మహాసభ జరిగినదియు ఇచ్చటనే. ఆనాడు పదునాలుగేండ్ల బాలికయైన దుర్గాబాయమ్మగారు ఖద్దరు ప్రదర్శనశాల వాకిట కావలియుండి, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూగారినే లోనికి పోనీయక నిలిపిన కథ మీలో చాలమంది వినియేయుందురు. వాకిట నిలిచి, ఎంతవారినైనను నిలదీసి యడుగు స్త్రీలు ఈ యూరికి క్రొత్తగాదు. ఈ మాట మాకు తరువాత మరల జ్ఞప్తికి వచ్చినది.

ఇక ఇంటి సంగతి. మా చెల్లెలి మామగారు బ్రదికియుండగా, ఉద్యోగము చాలించినప్పుడు వచ్చిన సొమ్ముతో కట్టించిన మూడుగదుల పెంకుటిల్లది. ఉప్పుటేటికి దగ్గరగా నొక చిన్నవీధిలో నున్నది. గృహప్రవేశమునాడు వీధి నుండి మూడు మెట్లెక్కి లోనికి వచ్చితినని అత్తగారు చెప్పిరి. మేము ఒక మెట్టు దిగి లోనికి పోయితిమి! ఇల్లు క్రుంగలేదు, రోడ్డే పెరిగినది. గుంతలు పడినప్పుడెల్ల పాతరోడ్డును గీకివేయక దానిమీదనే కంకర, తారు పోసి, పిమ్మట సిమెంటు పోసి పోయిరట. రోడ్డు వేసినప్పుడెల్ల వీధివారందరు సంతోషించిరి. మా చెల్లెలును సంతోషించినది. రోడ్డు జానెడు లేచినచో తన గడప జానెడు దిగినదని ఆనాడు ఎవరికిని తోచలేదు.

నీటి విషయమున మరియొక చిత్రము. ఇచ్చట నుయ్యి త్రవ్విన చాలచోట్ల ఉప్పునీరే. త్రాగుటకు గోదావరి కాలువ నీరే దిక్కు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు, ముందుగా చెరువులలో నింపియుంచిన నీటినే శుద్ధిచేసి ఇంటింటికి పంపవలెను. కావున వైశాఖమున బిందె నిండుట కష్టము, ఆశ్వయుజమున ఇల్లు నిండకుండుట కష్టము. మా చెల్లెలు నవ్వుచునే ఈ మాట చెప్పినది గాని మాకు నవ్వు రాలేదు.

బడులు తెరచువేళకు మా వారు పెద్దపిల్లవానితో వెనుకకు వెళ్లిరి. మేము పున్నమివరకు నిలిచితిమి. ఆ పున్నమినాటి సాయంకాలము వాన పట్టినది. రాత్రి పదిగంటల వేళ నీరు వచ్చినది. వీధిగుమ్మము నుండి వచ్చునని మేము గడపవైపు చూచుచుంటిమి. కాని అది నీళ్లగదిలోని తూము నుండి బుడబుడమని పైకుబికినది. వీధికాలువలోని మురుగే వెనుకకు తిరిగి ఇంటిలోనికి వచ్చినదన్నమాట. మా చెల్లెలు కంగారుపడలేదు. తడియిసుక నింపిన గోనెసంచి తూముపై వేసినది. బియ్యపుడబ్బా బల్లమీదికెక్కించినది. ఫ్రిజ్జు క్రింద ఇటుకలు అంతకుముందే యున్నవి. గ్యాసు బండను, పిల్లల పుస్తకముల సంచులను మంచముపై పెట్టినది. ఇంత వేగముగా నేర్పుగా చేయుట చూచి మాకు కడుపు తరుగుకొనిపోయినది. ఎన్నిమారులు చేసినచో ఇంత నేర్పు పట్టుబడును? అత్తగారు కాళ్లు ముడుచుకొని మంచముపై కూర్చుండి, పూజగది వైపు చూచుచు నామస్మరణ చేయుచుండిరి. మోకాటికి జానెడు క్రిందవరకు నీరు నిలిచినది. అర్ధరాత్రికి వాన వెలిసినను నీరు తీయలేదు. తెల్లవారుజామున నాలుగింటికి, ఎవరో పిలిచినట్లు, తనంతట తానే వెడలిపోయినది.

ఉదయమున చేపలగంప దించిన యొక బెస్తవనితను, వాన వెలిసినను నీరేల నిలిచెనని మేమడిగితిమి. "పున్నమి పోటు మీదున్నప్పుడు ఏరు నీళ్లు తాగదమ్మా. పాటొచ్చాక తాగుద్ది" అని యామె తేలికగా చెప్పి, గంప నెత్తికెత్తుకొని పోయినది.

ఆ మాటలోనే విషయమంతయు నున్నది. కాకినాడ నేల సముద్రమట్టమునకు కొద్ది యడుగుల యెత్తున మాత్రమే యున్నది. అరచేయివలె చదును. చాలవీధుల మురుగు ఉప్పుటేటిలోనికి, అందుండి సముద్రములోనికి పోవలెను. సముద్రమునకో దినమునకు రెండేసి మారులు పోటు వచ్చును. అమావాస్యకు, పున్నమికి అది మరింత పొంగును. పోటువేళ ఏటినీరే కాలువలలోనికి ఎగదన్నును. ఆ సమయమున వాన గురిసెనేని నీటికి పోవుదారి లేదు. కాలువలలో పూడిక, ప్లాస్టిక్కు సంచులు ఉన్నచో పాటువేళ సైతము త్వరగా పోదు. ఏరుదాటిన జగన్నాథపురము పూర్వము డచ్చివారి వర్తకస్థానము. వారి స్వదేశమున నేల సముద్రమునకంటె పల్లము. అందుచే వారు కాలువలకు తలుపులమర్చి, పోటున మూసి, పాటున తెరచి, చాలనిచోట గాలిమరలతో నీరు తోడి, ఆ నేలపై కాపురముండిరి. ఆ విద్య వారు ఇచ్చట విడిచిపోయిన జాడ మాకు కానరాలేదు.

మాకు మా యూరి చెరువు తలపునకు వచ్చినది. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ పదమూడవ శతాబ్దమున కొండల నడుమ కట్ట వేయించి త్రవ్వించిన చెరువది. ధర్మకీర్తిసముద్రమని శాసనమున దాని పేరు. కాకతీయుల వంశక్రమమును తెలిపిన శాసనములలో ఆ బయ్యారము చెరువు శాసనము ముఖ్యమైనదని చరిత్రకారులు చెప్పుదురు. మేము చెప్పదలచినది వంశక్రమము గాదు. చెరువునకు కట్ట యెంత ముఖ్యమో అలుగును అంత ముఖ్యము. నిండినపిదప మిగులు నీరు ఎటుపోవలెనో ముందు నిర్ణయించి, ఆ తరువాతనే కట్ట కట్టుదురు. మా పల్లెలో అక్షరము రాని ముసలమ్మ సైతము అలుగు పారెనా యని యడుగును గాని, కట్ట యెంత అందముగా నున్నదని యడుగదు. పట్టణములందు తోటలు, దీపములు, సముద్రపుటొడ్డున విహారస్థలములు ఏర్పరచుట మేమును మెచ్చుకొందుము. మా పిల్లలు ఆ తీరమున ఆడిన యాట ఇంకను మరువలేదు. కాని వీధి వీధికి అలుగెక్కడ నున్నదని అడుగువారేరి?

మరునాడు మా మరిది మమ్ము ఉప్పాడకు తీసికొనిపోయెను. జాందానీ నేతచీరలకు పేరుగన్న ఊరది. ఆ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. చీర కొనుటకే పోయితిమి గాని, సముద్రము కోసివేసిన యిండ్ల గోడలను చూచి మనసొప్పక వట్టి చేతులతో మరలితిమి. రాళ్లు పోసినను, ఇసుక నింపిన పెద్ద సంచులతో గట్టు కట్టినను, తుపాను వచ్చినప్పుడెల్ల కడలి ఆ తీరపురోడ్డును కోయుచునే యున్నది. కాకినాడకు దక్షిణమున కోరంగి మడ అడవి కలదు. 1978లో 235 చదరపు కిలోమీటర్ల మేర దానిని వన్యప్రాణి రక్షితస్థలముగా ప్రకటించిరి. మడచెట్ల వేళ్లు బురదను పట్టియుంచి, కెరటముల బలమును విరుచును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానున వెయ్యిమందికి పైగా మడిసిరి. ఆ రాత్రిని తలచునప్పుడు అత్తగారి కంఠము ఇప్పటికిని వణకును. మడ నరికి మెరకచేసిన నేలపై ఇల్లు కొనుమని ఎవరైన చెప్పినచో, ధర యెంత తక్కువయైనను ఇల్లాండ్రు ఒప్పుకొనరాదు.

ఆ రాత్రి భోజనములైన పిదప అందరము కూర్చుంటిమి. "వదినగారూ, అమ్మకు డెబ్బది దాటినవి. చీకటిలో నీటిలో కాలుజారినచో ఏమి గతి?" అని మరిది యనెను. అతనిది న్యాయమే. "అమ్మాయీ, ఈ వీధిలో నేను పిలిస్తే పలికేవాళ్లు పదిమంది ఉన్నారు. ఎత్తైన చోట నాలుగో అంతస్తులో నా పిలుపు ఎవరికి వినపడుతుంది?" అని అత్తగారనిరి. ఆమెదియు న్యాయమే. సుఖజీవనమునకు పట్టిక వేసినవారు ఈ పదిమందిని ఏ గడిలో వ్రాయుదురో! మేము మా చెల్లెలిని, నీకేమి కావలెనని యడిగితిమి. ఎవరును ఆమెనంతవరకు ఆ ప్రశ్న యడుగలేదట. కొంతసేపు మాటాడలేదు. "నాకు బడి, బజారు, ఆసుపత్రి నడిచిపోదగిన దూరమున నుండుట ఇష్టము. ఈ ఇల్లు అమ్మిన సొమ్ముతో అట్టి చోట మరల గది యొక్కటియు రాదు. కాని మురుగునీటిలో వంట చేయలేను" అనెను. అయినను మరియొకమాట కూడ అనెను. "మనము అమ్మితిమేని కొన్నవారి యింటి ఇల్లాలు ఈ నీరే యెత్తిపోయవలెను గదా!"

మేము ఇంజనీరులము గాము. కాని చెరువుక్రింది ఊరివారము. ముందు తూమునకు తలుపుండవలెనని చెప్పితిమి. నీటిని బయటకు పోనిచ్చి లోనికి రానీయని మూత గల గొట్టము బజారులో దొరకునని మరిది మరునాడే తెలిసికొనివచ్చెను. రెండవది, వంటిల్లును పూజగదిని అత్తగారి గదిని మెరకవేయుట. మూడవది వీధిపని. దానికి అత్తగారే కొంగు బిగించిరి. మరల రోడ్డు వేయునప్పుడు పాతపొరను తీసివేసి వేయవలెననియు, ఆషాఢమునకు ముందే కాలువ పూడిక తీయవలెననియు కాగితము వ్రాయించి, వీధిలోని పదునొకండిండ్ల స్త్రీలచేత సంతకములు చేయించిరి. సోమవారము ప్రజల ఫిర్యాదులు వినుదినమున, కోడలిని వెంటబెట్టుకొని, తామే పోయి అధికారుల చేతికిచ్చి రసీదు తీసికొని వచ్చిరి. మాకు ఖద్దరు ప్రదర్శనశాల వాకిలి తలపునకు వచ్చినది.

ఈ భాద్రపదమున మా చెల్లెలి యుత్తరము వచ్చినది. కాలువ పూడిక సగమువరకు తీసిరట. తక్కిన సగమునకు మరల కాగితమిచ్చిరట. రోడ్డు సంగతి ఇంకను తేలలేదు. మాఘములో మూడుగదులు మెరకవేసిరి. అమావాస్య పోటున గట్టివాన గురిసి, ముందుగదిలో చీలమండవరకు నీరు వచ్చినది గాని, వంటింటి క్రొత్తగడపకు రెండంగుళముల దిగువనే నిలిచిపోయినదట. తూముమూత పనిచేసినది. నేల లేచినను ద్వారబంధము లేవలేదు గనుక అత్తగారిప్పుడు తల వంచి వంటింటిలోనికి పోవుచున్నారట. మొదటివారమున రెండుమారులు నుదురు కొట్టుకొనిరట. ద్వారబంధమునకు పైన పాతచీర చుట్టి కట్టితినని మా చెల్లెలు వ్రాసినది.