యోని ఇన్ఫెక్షన్లు - నివారణ

యోనిలోని సూక్ష్మజీవుల సమతుల్యత చెడినపుడు గాని, బయటి నుండి రోగకారక క్రిములు చేరినపుడు గాని స్త్రీలకు కలిగే వ్యాధులను యోని ఇన్ఫెక్షన్లు అంటారు. వాడుకలో వీటిని "తెల్లబట్ట" అంటారు. అయితే తెల్లబట్ట అంతా వ్యాధి కాదు. దురద, దుర్వాసన లేని తెల్లని స్రావం సహజమైనదే. ఒంట్లో వేడి వలన, ఎముకలు కరగడం వలన ఇది వస్తుందనే నమ్మకంలో నిజం లేదు.

సహజ రక్షణ

సంతానోత్పత్తి వయసులో యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ బాక్టీరియాలు లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. వీటిని జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్లైన్ 1892లో వర్ణించాడు. ఈ ఆమ్లం వలన యోని పి.హెచ్. 3.8 - 4.5 మధ్య ఉండి, హానికర క్రిములు అంతగా పెరగవు. లోపలి భాగాన్ని సబ్బుతోను, క్రిమిసంహారక ద్రావణాలతోను కడిగితే ఈ రక్షణ నశిస్తుంది.

రకాలు

* బాక్టీరియల్ వెజైనోసిస్: పలుచని బూడిదరంగు స్రావం, చేపల వాసన. గర్భిణులలో నెలలు నిండని కాన్పుకు అవకాశం పెంచుతుంది.
* కాండిడియాసిస్: ఇది శిలీంధ్రం వలన వస్తుంది. విరిగిన పాల వంటి స్రావం, తీవ్రమైన దురద ఉంటాయి. మధుమేహం, గర్భధారణ, యాంటీబయాటిక్ మందుల వాడకం దీనికి దోహదం చేస్తాయి.
* ట్రైకోమొనియాసిస్: లైంగిక సంపర్కం ద్వారా సోకుతుంది. భార్యాభర్తలిద్దరూ చికిత్స పొందాలి.

నివారణ

* బయటి భాగాన్ని మాత్రమే మంచినీటితో కడగాలి. మలవిసర్జన తరువాత ముందు నుండి వెనుకకు శుభ్రం చేసుకోవాలి.
* గాలి ఆడే నూలు లోదుస్తులు ధరించాలి. చెమటకు తడిసిన వాటిని మార్చుకోవాలి.
* బహిష్టు సమయంలో 4 - 6 గంటలకు ఒకసారి నాప్‌కిన్ మార్చాలి. గుడ్డ వాడేవారు దానిని సబ్బుతో ఉతికి, చాటున చీకటిలో కాక ఎండలో ఆరవేయాలి.
* గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వంటి ప్రాంతాలలో మిరప కోతలకు వెళ్ళే స్త్రీలు మూత్రవిసర్జనకు ముందే చేతులను సబ్బుతో కడుక్కోవాలి. మిరపలోని కాప్సైసిన్ వట్టి నీటితో సరిగా పోదు. దీనివలన కలిగే మంట ఇన్ఫెక్షన్ కాదు. చేలో మరుగుదొడ్డి లేదని నీరు త్రాగడం మానితే మూత్రనాళ వ్యాధులకు అవకాశం పెరుగుతుంది.

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరులో "స్వేచ్ఛ" కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రభుత్వ విద్యాసంస్థలలో 7వ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు చదివే బాలికలకు నెలకు 10 నాప్‌కిన్లు ఉచితంగా ఇవ్వడం దీని ఉద్దేశం.

చికిత్స

స్రావంలో రంగు, వాసన మారినా, దురద, పొత్తికడుపు నొప్పి ఉన్నా వైద్యులను సంప్రదించాలి. వ్యాధి రకాన్ని బట్టి మందులు మారవచ్చు కనుక సొంత వైద్యం తగదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలోని "సురక్ష" క్లినిక్‌లలో పరీక్ష, మందులు ఉచితం. సిగ్గుతో దాచిపెడితే వ్యాధి ముదురుతుంది. సకాలంలో చూపించుకుంటే ఎక్కువమందికి కొద్దిరోజుల మందులతోనే నయమవుతుంది.