గర్భిణి సందేహానికి సమాధానం

టీకాకు వెనుకాడే గర్భిణిని అజ్ఞానురాలని నిందించడం తగదు. ఆ సంకోచం బిడ్డపై ప్రేమనుండి పుట్టినదే. తనకు వేసే సూది గర్భస్థ శిశువుకు హాని చేస్తుందేమోనన్నది ఆమె భయం. వాస్తవం వేరు. గర్భిణులకిచ్చే టీడీ టీకా ధనుర్వాతం, డిఫ్తీరియాలనుండి రక్షిస్తుంది. దానివల్ల తల్లి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలు మాయద్వారా శిశువుకు చేరతాయి. బొడ్డు కోసిన గాయంద్వారా ధనుర్వాతం సోకే ముప్పున్న తొలివారాల్లో పసికందుకు అండ అవే. మన దేశంలో 2015 నాటికి బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించగలగడంలో గర్భిణులకిచ్చిన ధనుర్వాత టీకా పాత్ర పెద్దది.

తన సూదికి చేయి చాచిన తల్లి కూడా పసిబిడ్డ దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. హెపటైటిస్‌-బి తొలి మోతాదు పుట్టిన 24 గంటల్లోపే వేయాలి. అలసిన బాలింతతో అప్పుడు చర్చ మొదలుపెడితే సమయం మించిపోతుంది. 6, 10, 14 వారాల్లో ఇచ్చే పెంటావాలెంట్‌ టీకాతో ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. ఆ సంగతి ముందే ఎరిగిన తల్లి బెదరదు. ఎరుగని తల్లి తదుపరి మోతాదుకు రాకపోవచ్చు.

కాబట్టి కాన్పుకు ముందే, భర్త, అత్తగారు కూడా ఉండగా, ఆమె ప్రతి సందేహాన్నీ వైద్యులు ఓపికగా వినాలి. బిడ్డ మన చేతుల్లోని అమానతు. ఆ అమానతును కాపాడుకోవడంలో తల్లిని ఒంటరిని చేయకూడదు.