ఏడాది మార్చాను, గైడ్ మార్చలేదు: నా ఓపెన్ సోర్స్ ఓఎస్ పోలిక కథ

2025 సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయి కొడుకు లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నాడు. లినక్స్ ప్రాక్టీస్ కోసం సెంట్‌ఓఎస్ 8 వేసుకున్నాడట.

"అన్నా, ఏ ప్యాకేజీ ఎక్కించబోయినా ఎర్రర్ వస్తోంది. వచ్చే వారమే ల్యాబ్ ఎగ్జామ్."

చూస్తే, 'యాప్‌స్ట్రీమ్' రిపో మెటాడేటా డౌన్‌లోడ్ కాలేదని మెసేజ్.

"ఇది ఎప్పుడో ఆగిపోయింది కదరా, ఎవడు వేయమన్నాడు?"

వాడు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ తెరిచి చూపించాడు. "నువ్వే అన్నా!"

పైన పెద్ద అక్షరాలతో 'ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్స్: ఏది ఎవరికి? 2024' అని ఉంది. కింద నా పేరు.

అసలు తప్పు ఎక్కడ జరిగింది?

ఆ గైడ్ రాసింది 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో, బీటెక్ చివరి సెమిస్టర్‌లో. జూనియర్ల కోసం ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్, సెంట్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీలను ఒక పట్టికలో పెట్టాను. సెంట్‌ఓఎస్ 8 ఎదురుగా '2029 వరకు ఢోకా లేదు' అని రాశాను. అప్పటికి అది నిజమే. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో ప్లాన్ మారిందని ప్రకటన వచ్చింది. 2021 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆగిపోయింది. తర్వాత దాని ప్యాకేజీలను మామూలు సర్వర్ల నుంచి తీసేసి ఆర్కైవ్‌లో పెట్టారు. తమ్ముడి ఎర్రర్‌కు కారణం అదే.

ఈ వార్త నాకు తెలియక కాదు. ఉద్యోగంలో చేరాక, ఎవరైనా 'లేటెస్ట్ ఉందా?' అని అడిగినప్పుడల్లా టైటిల్‌లో ఏడాది మార్చి పంపేసేవాణ్ణి. పట్టిక వైపు చూసేవాణ్ణి కాదు. పాత తేదీ ఉండి ఉంటే తమ్ముడు కనీసం అనుమానపడేవాడు. ఆ '2024' చూసే నమ్మాడు.

ఆ రాత్రి వాడి ప్రోగ్రామ్స్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, అల్మాలినక్స్ 9 ఎక్కించాను. సెంట్‌ఓఎస్ ఖాళీని నింపడానికి 2021లో వచ్చిన వాటిలో అల్మా, రాకీ ముఖ్యమైనవి. కమాండ్లు దాదాపు అవే కాబట్టి ఎగ్జామ్‌కి ఇబ్బంది రాలేదు.

మళ్లీ వరుసగా చూస్తే...

తర్వాత పట్టికలో ఒక్కో వరుసా తీసుకుని, వర్చువల్ మెషీన్‌లో వేసి చూశాను. సెంట్‌ఓఎస్ ఒక్కటే కాదు, చాలా తేలాయి.

ఉబుంటు 20.04: నేను 'బిగినర్స్‌కి బెస్ట్' అన్న వెర్షన్. ఐదేళ్ల మామూలు సపోర్ట్ 2025 మేతో అయిపోయింది. ఇప్పటికీ వాడేవాళ్లు ఉబుంటు ప్రోతో సెక్యూరిటీ అప్‌డేట్స్ తెచ్చుకోవచ్చు, సొంత వాడకానికి ఐదు మెషీన్ల వరకు ఫ్రీ. కొత్తగా వేసేవాళ్లకు మాత్రం ఇది వద్దు.

లినక్స్ మింట్: 'పాత 32 బిట్ కంప్యూటర్‌కి ఇదే' అని రాశాను. 32 బిట్‌కి 19.3 వెర్షనే ఆఖరు. 2020లోనే వచ్చిన మింట్ 20 నుంచి 64 బిట్ మాత్రమే. అంటే నా సలహా రాసిన కొన్ని వారాలకే పాతబడింది!

డెబియన్: ఇక్కడ తప్పు రివర్స్. 'వైఫై ఫర్మ్‌వేర్ విడిగా తెచ్చుకోవాలి, కొత్తవాళ్లు జోలికి పోవద్దు' అని భయపెట్టాను. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. పోయిన సమస్యను చూపించి ఎంతమందిని మంచి ఓఎస్‌కి దూరం చేశానో! పాత గైడ్ నమ్మకూడనిదాన్ని నమ్మిస్తుంది, భయపడక్కర్లేనిదానికి భయపెడుతుంది కూడా.

మారనివి కూడా ఉన్నాయి. ఫెడోరా దాదాపు ఆరు నెలలకో వెర్షన్ ఇస్తుంది, ఒక్కోదానికి సుమారు 13 నెలల సపోర్ట్. ఫ్రీబీఎస్‌డీ లినక్స్ కాదు, కెర్నల్, బేస్ సిస్టమ్ కలిపి ఒకే ప్రాజెక్టుగా తయారవుతుంది. ఈ మాటలు 2020లో ఎంత నిజమో ఇప్పుడూ అంతే.

ఇప్పుడు గైడ్ ఎలా ఉంది?

దాన్ని రెండు ముక్కలు చేశాను. ఎవరు తయారు చేస్తారు, ఎన్నాళ్లకో వెర్షన్, ఏ ప్యాకేజీ మేనేజర్, ఎవరికి సరిపోతుంది: ఇలా నెమ్మదిగా మారేవి ఒకవైపు. వెర్షన్ నంబర్, సపోర్ట్ ముగిసే తేదీ, కావాల్సిన ర్యామ్, 32 బిట్ సంగతి: ఇలా త్వరగా పాతబడేవి ఇంకోవైపు. ఈ రెండో భాగంలో ప్రతి వరుస పక్కన 'చివరిసారి చూసిన తేదీ' ఉంటుంది. చూడకుండా ఆ తేదీ మార్చకూడదని నాకు నేను పెట్టుకున్న రూల్.

సెంట్‌ఓఎస్ 8 వరుస తీసేయలేదు. 'ఆగిపోయింది, బదులు ఇవి' అని రాశాను. పెన్‌డ్రైవ్‌లో పాత ఐఎస్ఓలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి కదా, వెతికేవాళ్లకు సమాధానం దొరకాలి. ఫార్వర్డ్ అయిన పాత పీడీఎఫ్‌లను మాత్రం వెనక్కి లాగలేను. అందుకే ఇప్పుడు ప్రతి పేజీ కింద తేదీ వేస్తున్నాను.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి లినక్స్ వైపు చూసేవాళ్లు పెరిగారు. మీరూ వాళ్లలో ఒకరైతే, ఏ గైడ్ చదివినా, నాదైనా సరే, ఐఎస్ఓ దించే ముందు ఆ ప్రాజెక్ట్ సైట్‌లో సపోర్ట్ ఎప్పటివరకో ఒక్కసారి చూసుకోండి. రెండు నిమిషాల పని.

తమ్ముడు ల్యాబ్ పాసయ్యాడు. ఇప్పుడు మూణ్నెల్లకోసారి వాడి నుంచి మెసేజ్ వస్తోంది: "అన్నా, గైడ్ చూశావా? ఏడాది ఒక్కటే మార్చలేదు కదా?"