120 హెర్ట్జ్ ఫోన్‌లో మీ గేమ్ కాయిన్ ఎందుకు స్పీడ్‌గా తిరుగుతోంది?

యూనిటీలో గేమ్ చేయడం మొదలుపెట్టిన వాళ్లు ముందుగా ట్రై చేసేది కాయిన్‌నో, క్యూబ్‌నో గుండ్రంగా తిప్పడం. అప్‌డేట్ ఫంక్షన్‌లో ట్రాన్స్‌ఫార్మ్.రొటేట్ రాసి, వై యాక్సిస్‌కి 2 డిగ్రీలు ఇస్తే చాలు, తిరిగేస్తుంది.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. అప్‌డేట్ ప్రతి ఫ్రేమ్‌కీ ఒకసారి రన్ అవుతుంది. సెకనుకి 60 ఫ్రేమ్స్ వచ్చే ఫోన్‌లో కాయిన్ 120 డిగ్రీలు తిరిగితే, 120 ఫ్రేమ్స్ వచ్చే ఫోన్‌లో 240 డిగ్రీలు తిరుగుతుంది. కాయిన్ అయితే పర్లేదు. అదే తిరిగే కత్తిని తప్పించుకునే గేమ్ అయితే? ఖరీదైన ఫోన్ కొన్నవాడికే గేమ్ కష్టమైపోతుంది!

పరిష్కారం సింపుల్. సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరగాలో ఆ నంబర్‌ని టైమ్.డెల్టాటైమ్‌తో గుణించండి. అంటే, గత ఫ్రేమ్ నుంచి గడిచిన సమయంతో. 120 డిగ్రీలు ఇస్తే మొదటి ఫోన్‌లో ఫ్రేమ్‌కి 2 డిగ్రీలు, రెండో దానిలో 1 డిగ్రీ పడుతుంది. సెకను పూర్తయ్యేసరికి రెండూ సమానం.

ఒక్క జాగ్రత్త: వేలితో డ్రాగ్ చేసి తిప్పేటప్పుడు మాత్రం గుణించొద్దు. వేలు ఆ ఫ్రేమ్‌లో ఎంత జరిగిందో ఆ లెక్కే నేరుగా వస్తుంది.

ఫోన్‌లో టెస్ట్ చేసేటప్పుడు టార్గెట్ ఫ్రేమ్ రేట్‌ని ఒకసారి 30, ఒకసారి 60 పెట్టి చూడండి. స్పీడ్ మారలేదంటే మీ కోడ్ సేఫ్.