చిగుళ్ళకు కత్తి యెందుకు?

పన్ను నొచ్చినప్పుడు దంతవైద్యుని కడకు పోవుట మనకు అలవాటే. కాని "మీ పన్ను బాగుగనే యున్నది, చిగుళ్ళనే కొంత కోసి సవరింపవలెను" అని ఆయన చెప్పినచో మనము తెల్లబోవుదుము. ఇదేదో సొగసునకై చేసికొనునది కాబోలునని తోచును. సొగసునకై చేయించుకొనువారును లేకపోలేదు. నవ్వినప్పుడు పళ్ళకంటె చిగుళ్ళే హెచ్చుగా కనబడుచున్నవని కొందరు వత్తురు. అది తప్పును కాదు. అయినను ఈ శస్త్రచికిత్సకు అంతకంటె బలమైన కారణములు కలవు.

చిగురంచు పంటిని బిగియ నంటియున్నట్లు కనబడినను, రెంటి నడుమ సన్నని సందు కలదు. ఆరోగ్యవంతునిలో దాని లోతు 1 నుండి 3 మిల్లీమీటర్లు. చిగుళ్ళు వాచి పెరిగినపుడు ఈ సందు సంచివలె లోతగును. అందు చేరిన పాచి వేపపుల్లకును అందదు, బ్రష్షునకును అందదు. పాచివలన వాపు, వాపువలన మరింత పాచి. ఈ తిరుగుడును ఆపుటయే కత్తి చేయు పని.

మూర్ఛరోగుల విషయము చూడుడు. 1938లో అమెరికా వైద్యులైన మెరిట్, పుట్నామ్ అనువారు ఫినిటాయిన్ అను మందు మూర్ఛలను అణచునని చూపిరి. మరుసటి యేడే, దానిని వాడువారిలో పలువురకు చిగుళ్ళు పెరుగుచున్నవని వెల్లడి యయ్యెను. మంచి మందు, చవుకైన మందు. నేటికిని వాడుకలో నున్నది. వాడువారిలో ఇంచుమించు సగము మందికి ఈ పెరుగుదల కలుగునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. మందు మొదలిడిన కొలది నెలలకే ముందుపళ్ళ నడుమ చిగుళ్ళు బొడిపెలుగా లేచి, క్రమముగా పళ్ళను కప్పివేయును. పిల్లలలోను, యువజనులలోను ఇది మెండు. అట్టి బాలిక బడిలో నోటికి చేయి అడ్డము పెట్టుకొనియే మాటలాడును.

ఇక్కడనే ప్రమాదము పొంచియున్నది. పెండ్లి కావలసిన పిల్ల, నోరు ఇట్లున్న నెట్లని తలిదండ్రులు తమంతట తామే మందు మాన్పింతురు. మూర్ఛమందును హఠాత్తుగా మానినచో మూర్ఛలు ఒకదానివెంట నొకటి విడువక వచ్చి ప్రాణమునకే ముప్పు కావచ్చును. పెరిగిన చిగుళ్ళను కోసి సవరింపవచ్చును. పోయిన ప్రాణమును తేలేము. మందు మార్చుట మూర్ఛకు చికిత్స చేయు వైద్యుడు తేల్చవలసిన మాట. నేడు వేరు మందులు పెక్కు గలవు. మార్చినచో కొన్ని నెలలకు చిగుళ్ళు కొంత తగ్గుటయు కలదు. రక్తపుపోటునకు వాడు నిఫెడిపిన్, అమ్లోడిపిన్, మూత్రపిండము మార్పిడి జరిగినవారు వాడు సైక్లోస్పోరిన్ సయితము ఇట్టి పెరుగుదల కలిగింపవచ్చును. కావున మీ మందుల చీటీని దంతవైద్యునికి తప్పక చూపుడు.

కూర్చుండబెట్టిన వెంటనే కత్తి పట్టు వైద్యుని నేను మెచ్చను. మొదట గార తీయవలెను. ఆపై కొన్ని వారములు నోరు శుభ్రముగా నుంచుకొన్నచో చాల వాపు దానంతట నదియే తగ్గుట కలదు. గర్భిణులకు వచ్చు వాపు ప్రసవానంతరము సాధారణముగా తగ్గును గనుక వేచియుందురు. కారణము తెలియని వాపునకు జ్వరము, పాలిపోవుట తోడైనచో ముందు రక్తపరీక్ష జరుగవలెను. కొన్ని రక్తపు కేన్సరులు చిగుళ్ళ వాపుతోనే బయటపడును.

మరియొక కారణము పలువురకు తెలియనిది. పన్ను చిగురు మట్టమునకు విరిగినచో దానిపై తొడుగు నిలుచుటకు పట్టు చాలదు. తొడుగును లోనికి దింపుదమన్న, ఎముకకు పైన చిగురు పంటిని అంటుకొనుటకు ప్రకృతి సుమారు 2 మిల్లీమీటర్ల చోటు ఉంచినది. దానిని ఆక్రమించినచో వాపు తప్పదు. అందుచే చిగురును, ఒక్కొక్కప్పుడు కొద్దిగా ఎముకను తగ్గించి పంటిని పైకి కనబడజేయుదురు. పీకివేయవలసిన పన్ను ఇట్లు దక్కుట కలదు.

ఇక కోయు విధము. చిగుళ్ళకు సూదిమందిచ్చినందున నొప్పి తెలియదు. సంచి లోతును సన్నని కొలపుల్లతో కొలిచి, పైన గుర్తులు పెట్టి, ఏటవాలుగా కోయుదురు. అంచు మొద్దుగా మిగిలినచో పాచి మరల అచటనే నిలుచును. లేజరు వాడువారును కలరు. గాయముపై మందుముద్ద అంటించి వారము దినము లుంతురు. ఆవకాయ ప్రియులకు ఆ వారమే గడ్డు వారము. ఒకటి రెండు వారములకు పైపొర కమ్మును. పూర్తిగా కుదుటబడుటకు నెల పైబడును. సంచి ఎముకలోనికి దిగియున్నచో పైన కోసిన చాలదు. చిగురును తెరవలె విప్పి, లోపల శుభ్రపరచి కుట్టుదురు. మధుమేహము గలవారు, రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారు ఆ సంగతి ముందే చెప్పవలెను.

ఫినిటాయిన్ మానుటకు వీలులేని వారికి చిగుళ్ళు మరల పెరుగుట కలదు. పాచి నిలువనీయని నోట అది తక్కువగాను, ఆలస్యముగాను వచ్చును. అందుచేతనే కొన్ని నెలల కొకసారి గార తీయించుకొనుటకు రమ్మందురు. ఆ మొదటి తేదీని మందుముద్ద తీసిన నాడే చీటీపై వ్రాయించుకొనుడు.